ఉపగ్రహం లెక్క రైతుకు చూపాలి

2025 అక్టోబరు 29న మొంథా తుపాను వాన హనుమకొండ, వరంగల్ జిల్లాల మీద ఒక్క రోజులో కుమ్మరించింది. కోతకొచ్చిన వరి నేలకు ఒరిగి నీళ్లల్ల నానింది. కల్లాల్లో ఆరబోసిన వడ్లు కొట్టుకుపోయాయి. పగిలిన పత్తి చెట్టు మీదనే తడిసి నల్లబడ్డది. రెండు రోజులకు ముఖ్యమంత్రి హెలికాప్టర్లో ఏరియల్ సర్వే చేసి హనుమకొండలో దిగారు. ఎకరాకు పది వేల సాయం ప్రకటన వచ్చింది. 2023 మార్చి రాళ్లవానకు అప్పటి ముఖ్యమంత్రి వచ్చినప్పుడూ ఇదే పది వేలు. ముఖ్యమంత్రులు మారినా, రెండున్నరేండ్లలో ఎరువు, కూలి, మందుల ధరలు పెరిగినా అంకె మాత్రం అక్కడే ఉంది.

రెండుసార్లూ మన చేతిలో లేనిది పంటల బీమా పాలసీ. తెలంగాణ 2020లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి బయటికొచ్చింది. 2024 మార్చిలో తిరిగి చేరుతున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత 2024 వానాకాలం పోయింది, యాసంగి పోయింది, 2025 వానాకాలం కూడా పోయింది. మొంథా వచ్చిన పొద్దు వరకు పాలసీ రాలేదు. బీమా కావాలని మన సంఘం అన్ని వేదికల మీద అడుగుతూనే ఉంది. ఆ అడగడం ఆపేది లేదు. ఈ నెల మాత్రం ఇంకో మాట కూడా చెప్పాల్సి ఉంది. బీమా రేపు వస్తే అది 2019 నాటి బీమాలాగా ఉండదు. మనం బయట ఉన్న ఈ ఐదేండ్లలో నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి మారిపోయింది. పొలంలో కొడవలితో తేల్చే లెక్కలోకి ఆకాశం నుంచి తీసిన ఫొటోలు వచ్చి చేరాయి.

పాత పద్ధతి మనకు తెలిసిందే. నోటిఫై చేసిన ఊరిలో, ఒక్కో పంటకు నాలుగు చోట్ల కోత ప్రయోగం చేస్తారు. ఏ సర్వే నెంబర్లో చేయాలో చీటీ లెక్కన వస్తుంది. అక్కడ ఐదు మీటర్ల పొడుగు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ ఊరి సగటు దిగుబడి, గత ఏడేండ్లలో మంచివి ఐదేండ్ల సగటు మీద కట్టిన హామీ దిగుబడి కన్నా తగ్గితే, తగ్గినంత శాతం పరిహారం వస్తుంది. ఆ పద్ధతిని ఇప్పుడు మనం నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. ఐదు మీటర్ల మడి అంటే పావు గుంట. నాలుగు ప్రయోగాలు కలిపితే ఒక్క గుంట. వెయ్యి ఎకరాల ఊరి బతుకును ఒక్క గుంటతో తూచారు. అందులోనూ కొన్ని చోట్ల మడికి పోకుండా కాగితం మీదనే కోసిన ముచ్చట్లు మన సభ్యులందరికీ ఎరుకే. కంపెనీలు ఆ అంకెల మీద అభ్యంతరం పెడితే క్లెయిములు ఏండ్లకేండ్లు ఆగేవి.

ఈ జాప్యానికి, ఈ తగాదాకు మందుగా కేంద్రం 2023 వానాకాలం నుంచి వరి, గోధుమ పంటలకు ‘యెస్-టెక్’ అనే పద్ధతి తెచ్చింది. ఉపగ్రహాల ఫొటోలు, వాతావరణ సమాచారం, కంప్యూటర్ నమూనాలు కలిపి దిగుబడిని అంచనా వేస్తుంది. ఆ అంచనాకు తుది లెక్కలో కనీసం 30 శాతం బరువు ఇవ్వాలి. మిగతా 70 కోత ప్రయోగానిది. తర్వాత సోయాబీన్‌ను కూడా చేర్చారు. మధ్యప్రదేశ్ అయితే మొత్తం లెక్కనే ఉపగ్రహానికి అప్పజెప్పింది.

ముప్పై శాతమే కదా అనిపిస్తుంది. ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. హామీ దిగుబడి ఎకరాకు 20 క్వింటాళ్లు, బీమా మొత్తం 40 వేలు అనుకుందాం. దోమ తగిలి, తాలు పోయి, కోత ప్రయోగంలో 12 క్వింటాళ్లే వచ్చాయి. నష్టం 40 శాతం, రావాల్సింది 16 వేలు. ఉపగ్రహం మాత్రం పొలం పచ్చగా కనిపించింది కాబట్టి 18 క్వింటాళ్లు అన్నది. రెండూ 70–30 లెక్కన కలిపితే దిగుబడి 13.8 క్వింటాళ్లు అవుతుంది. నష్టం 31 శాతానికి దిగుతుంది, పరిహారం 12,400కు పడుతుంది. ఎకరాకు 3,600 పోయింది. అదే లెక్క వంద శాతం ఉపగ్రహానిదే అయితే చేతికొచ్చేది 4 వేలు. ఊరంతా ఒకటే యూనిట్ కాబట్టి ఈ కోత ఒక్క రైతుకు ఆగదు, ఊరు ఊరికంతా పడుతుంది. ఉపగ్రహం ఎక్కువ నష్టం చూపిన ఏడు ఇదే లెక్క మనకు లాభం కూడా చేయవచ్చు. కానీ ఏ వైపు ఎందుకు మొగ్గిందో మనకు చెప్పే నాథుడు ఎవరు?

ఉపగ్రహం ఏం చూస్తుందో సూటిగా తెలుసుకోవాలి. పంటల పనికి ఎక్కువగా వాడే యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్ల పొడుగు, పది మీటర్ల వెడల్పు. అంటే వంద చదరపు మీటర్లు. మన గుంట 121 చదరపు గజాలు, దాదాపు 101 చదరపు మీటర్లు. ఉపగ్రహానికి ఒక చుక్క అంటే మనకు ఒక గుంట. గుంట లోపల ఏముందో దానికి విడిగా తెలియదు. ఒడ్డు, ఒడ్డు మీది గడ్డి, వేపచెట్టు నీడ, పక్క రైతు మక్క, అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. ఎకరం చేను చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు ఆరు చుక్కలు, మొత్తం 36. అందులో చుట్టూ అంచున పడేవి 20. సగం కంటే ఎక్కువ చుక్కలకు గెట్టు తగులుతుంది. హనుమకొండ చుట్టుపక్కల రెండెకరాల లోపు రైతులే ఎక్కువ. వాళ్ల మడులు చదరంగా కూడా ఉండవు. వందల ఎకరాలు ఏకబిగిన ఒకే పంట వేసే దేశాల్లో పుట్టిన కొలత ఇది.

మబ్బు ఇంకో బాధ. మామూలు ఫొటో తీసే ఉపగ్రహం మబ్బును దాటి చూడలేదు. వానాకాలం పంటకు నష్టం ఎప్పుడు జరుగుతుంది? మబ్బు పట్టినప్పుడే. రాడార్ ఉపగ్రహాలు మబ్బును దాటి చూస్తాయి, నీళ్లు నిలిచిన చోటును బాగా పట్టిస్తాయి కూడా. ఆ మేలును కాదనం. కానీ మబ్బు రోజుల ఖాళీలను కంప్యూటర్ ఏ లెక్కతో పూడుస్తుందో రైతుకు చెప్పాలి కదా.

అసలు సంగతి పచ్చదనం. ఆకు ఎంత పచ్చగా ఉందో చూసి దిగుబడిని ఊహించడం ఈ లెక్కలన్నిటికీ పునాది. మన జిల్లాల పంటలు తెలిసిన వాళ్లెవరూ దీన్ని కండ్లు మూసుకుని నమ్మరు. 2021–22లో నల్ల తామర పురుగు మిర్చిని ఎట్లా తిన్నదో గుర్తు చేసుకోండి. అది పూతలో చేరి పూతను రాల్చింది. చెట్టు నిలబడే ఉంది, కాయ లేదు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లో రైతులు ఎకరాలకెకరాలు దున్నేశారు. పైనుంచి చూసిన కన్నుకు అది చేను, మనకు అది అప్పు. పత్తిలో గులాబీ రంగు పురుగు కాయ లోపల కూచుని తింటుంది, బయటి ఆకు రంగు మారదు. వరి వెన్నుకు మెడవిరుపు తగిలితే ఆకు పచ్చగానే ఉండి గింజ తాలుపోతుంది. చేతిలోకి వెన్ను తీసుకుని నలిపి చూస్తే తప్ప తెలియని నష్టం ఇది. నలిపే చెయ్యి లేకుండా లెక్క పూర్తయితే ఎట్లా?

దేశంలో ఈ సాంకేతిక లెక్కలకు సాయం చేసే కేంద్ర సంస్థ పేరు మహలనోబిస్ జాతీయ పంటల అంచనా కేంద్రం, ఢిల్లీలో ఉంది. ఆ పేరున్న మహలనోబిస్ 1930లలో బెంగాల్ జనపనార చేన్లను లెక్కించడానికి మనుషులను ఊరూరికి, మడి మడికి పంపి నమూనా సర్వేలు చేయించినాయన. ఆయన పేరు పెట్టుకున్న కేంద్రం మడికి పోవడాన్ని తగ్గించే పనికి సాయపడుతున్నదంటే కొంచెం నవ్వొస్తుంది.

మేము చెప్పేది రైతు సంఘాల అనుమానమే అనుకునే వాళ్లకు ఒక సంగతి. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ బీమా కంపెనీల అధికారులను కూచోబెట్టి అడిగారు. మహారాష్ట్ర అకోలాలో, ఆయన సొంత ప్రాంతం మధ్యప్రదేశ్ సీహోర్‌లో రైతులకు ఒక్క రూపాయి, మూడు రూపాయలు, ఐదు రూపాయల క్లెయిములు వచ్చాయి. ఇది రైతులతో పరిహాసమని ఆయనే అన్నారు. విచారణకు ఆదేశించారు. రిమోట్ సెన్సింగ్ లెక్క శాస్త్రీయంగా ఎంతవరకు నిలుస్తుందో చూడమన్నారు. పథకాన్ని నడిపే మంత్రికే ఆ లెక్క ఎట్లా వచ్చిందో అడగాల్సి వచ్చినప్పుడు, మామూలు రైతు ఎవరిని అడుగుతాడు?

ఈ తగాదా మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఇండ్ల బీమా కంపెనీలు విమానాలు, డ్రోన్లు, ఉపగ్రహాలతో పైకప్పుల ఫొటోలు తీయించుకుంటున్నాయి. పెంకు మీద నాచు కనిపించింది, కొమ్మ పైకప్పు మీదికి వంగింది, పెరట్లో సామాను ఉంది అంటూ పాలసీ పొడిగించకుండా ఆపేస్తున్నాయి. ఇంటాయనకు ఫొటో తీసిన సంగతే తెలియదు. కొన్నిసార్లు ఆ ఫొటో పాతది, పైకప్పు మార్చాక కూడా పాత పైకప్పు మీదనే తీర్పు. అక్కడ జనం కొట్లాడితే కొన్ని రాష్ట్రాల్లో బీమా నియంత్రణ అధికారులు, శాసనసభలు దీన్ని పట్టించుకోవడం మొదలుపెట్టాయి. వాళ్లు అడుగుతున్నది చాలా చిన్నది. ఫొటో ఎప్పటిదో చెప్పు, ఇంటాయనకు చూపించు, తప్పైతే దిద్దుకోవడానికి, నిజమైతే బాగు చేసుకోవడానికి గడువు ఇవ్వు. డాలర్ల దేశంలో పక్కా ఇండ్లున్నవాళ్లకే ఈ హక్కు కోసం కొట్లాడాల్సి వస్తే, పట్టా పాసుపుస్తకం కూడా సరిగా లేని మన కౌలు రైతు సంగతి చెప్పేదేముంది.

కౌలు రైతు మాట వచ్చింది కాబట్టి దానిమీద కొంచెం ఆగుదాం. ఉపగ్రహం పంటను చూస్తుంది, పంట వేసిన మనిషిని చూడదు. ఫొటోను మనిషికి కలిపేది సర్వే నెంబరు, పాసుపుస్తకం. మన సర్వే పటాలు చాలావరకు నిజాం కాలం నాటి టిప్పన్ల మీద నిలబడి ఉన్నాయి. ధరణిలో పడ్డ తప్పులు ఎన్నో భూభారతి చట్టం వచ్చాక కూడా దిద్దుబాటు కోసం క్యూలో ఉన్నాయి. కాగితం మీద గెట్టు ఒక చోట, నేల మీద గెట్టు ఇంకో చోట ఉన్న ఊర్లు మనకు లెక్కలేనన్ని. ముంపు లాంటి వాటికి పొలం పొలానికి విడిగా నష్టం చూసేటప్పుడు, ఆ తప్పు పటం మీద ఉపగ్రహం చుక్కలు పరిస్తే ఒకరి మునక ఇంకొకరి పేరున పడుతుంది. కౌలుదారుకు గుర్తింపు ఇచ్చే చట్టం 2011లోనే వచ్చింది. ఆ కార్డులు ఇచ్చే పనిని తెలంగాణ వచ్చాక పక్కన పెట్టారు. పంట నమోదులో సాగు చేస్తున్న మనిషి పేరు లేకుండా ఎంత ఖరీదైన ఉపగ్రహం తెచ్చినా పైసలు పోయేది పట్టాదారు ఖాతాకే.

పక్క రాష్ట్రం చేసిన ఒక మంచి పనిని ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు జాబితాలను రైతు భరోసా కేంద్రాల్లో గోడకు అతికించి, తప్పుంటే చెప్పమని రైతులను అడిగారు. అమలులో లోపాలు ఉన్నాయని అక్కడి మిత్రులు చెబుతారు. అయినా జాబితా గోడ మీద ఉంటే ఊరు చదువుతుంది. చదివితే అడుగుతుంది. ఉపగ్రహం లెక్కకు కూడా ఆ గోడ కావాలి.

కొత్తగా ఇంకో మార్పు వస్తున్నది. వరి ముంపు నష్టాన్ని 2018లో వ్యక్తిగత నష్టాల జాబితా నుంచి తీసేశారు. దాన్ని 2026 వానాకాలం నుంచి తిరిగి చేరుస్తామని, అడవి జంతువుల నష్టాన్ని కూడా కలుపుతామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. పందులు, కోతులతో విసిగిన మనకు ఇది మంచి కబురే. కానీ నష్టం జరిగిన 72 గంటల్లో యాప్‌లో ఫొటో పెట్టాలి, ఆ ఫొటోకు స్థలం గుర్తు ఉండాలి. తుపాను రోజు కరెంటు ఉండదు, సెల్ టవర్ పనిచేయదు, మడికి పోయే బాట మునిగి ఉంటుంది. వెనకటి పథకం నడిచిన రోజుల్లో మా మండలంలో ఒక రైతు రాళ్లవాన పడ్డ రెండో రోజే ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాడు. చూడటానికి మనిషి వచ్చేసరికి పది రోజులు దాటింది. అప్పటికి ఆయన మిగిలిన మక్క విరిచి, చొప్ప కోసి, దున్నేశాడు. “పంట ఏది, చూపించు” అన్నాడట వచ్చినాయన. 72 గంటల గడువు రైతుకు తప్పలేదు, కంపెనీ మాత్రం తన గడియారం చూసుకోలేదు.

అందుకని మేము అడిగేది ఇది. తెలంగాణ ప్రభుత్వం ఫసల్ బీమాలో చేరినా, సొంత పథకం పెట్టినా, కంపెనీలను ఎంచుకునేది జిల్లాల సముదాయాలవారీ టెండర్లతో. టెండర్ ఒకసారి ఖాయమైతే కొన్నేండ్లదాకా షరతులు మారవు. కాబట్టి ఈ షరతులు నోటిఫికేషన్లో, టెండర్ కాగితంలో ముందే రాయాలి. ఉపగ్రహం చూపిన దిగుబడి, కోత ప్రయోగంలో వచ్చిన దిగుబడి, రెండింటిని కలిపిన తీరు ఊరివారీగా, తేదీలతో సహా తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టాలి. కనీసం పదిహేను రోజులు అభ్యంతరాలకు సమయం ఇవ్వాలి. ఉపగ్రహం అంచనాకు, కోతకు మధ్య తేడా ఎక్కువగా ఉన్న ఊరిలో గ్రామస్థుల ముందు మళ్లీ పరిశీలన జరగాలి. అప్పటికి కోతలు అయిపోతే కోత ప్రయోగం లెక్కనే నిలవాలి. మిర్చి, పత్తి లాంటి పంటల్లో చీడ నష్టానికి పచ్చదనం లెక్కను ఆధారంగా తీసుకోవద్దు. అంచనా వేసే సంస్థకు ఏ బీమా కంపెనీతోనూ డబ్బు సంబంధం ఉండొద్దు.

సమాచార హక్కు గురించి ఒక మాట. ప్రభుత్వ బీమా కంపెనీని మనం సమాచార హక్కు చట్టం కింద నేరుగా అడగవచ్చు. ప్రైవేటు కంపెనీ అయితే ఆ దారి మూసుకుంటుంది. వ్యవసాయ శాఖ చేతిలో ఉన్న కాగితాన్నే అడగాలి. కాబట్టి ఫొటోలు, లెక్కలు అన్నీ ముందు వ్యవసాయ శాఖకు చేరి అక్కడ భద్రంగా ఉండాలని టెండర్లోనే రాయించాలి. ఇది చిన్న షరతులా కనిపిస్తుంది. వివాదం వచ్చిన రోజు మొత్తం కేసు దాని మీదనే నిలబడుతుంది.

ఉపగ్రహం వద్దని మేము అనడం లేదు. వాన లేక విత్తనమే వేయని ఊరును, మూడు రోజులు నీళ్లల్ల ఉన్న ఆయకట్టును అది ఏ ఏఈవో కన్నా తొందరగా పట్టిస్తుంది. మొంథా తర్వాత నష్టం జాబితాల్లో పేరు లేదని తిరుగుతున్న రైతుకు, ఆ వారం రాడార్ ఫొటో చేతిలో ఉంటే ఎంత బలం! ఆ ఫొటోలు ప్రజల పైసలతో తీసినవి, సెంటినెల్ ఫొటోలైతే ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మన పిల్లల్లో ఇంజనీరింగ్ చదివిన వాళ్లు ఊరికొకరు ఉన్నారు. పండుగకు ఇంటికొచ్చినప్పుడు వాళ్లను కూచోబెట్టి మన ఊరి ఫొటోలు తీయించి చూడాలని వరంగల్, హనుమకొండ జిల్లాల గ్రామ కమిటీలను కోరుతున్నాం.

ఆ పనితో పాటు ఇంకొన్ని చేయాల్సి ఉంది. నాటు వేసినప్పుడు, పొట్ట దశలో, కోతకు ముందు, మూడుసార్లు మీ చేను ఫొటో సెల్‌ఫోన్‌లో తీసి పెట్టుకోండి. ఒడ్డు మీది కరెంటు స్తంభమో, బావిగడ్డో, చెట్టో ఫొటోలో పడాలి, ఫోన్‌లో స్థలం గుర్తు ఆన్ చేసి ఉండాలి. ఏఈవో పంట నమోదుకు వచ్చినప్పుడు మీ పేరు, పంట, గుంటలు సరిగా రాశారో అడిగి చూడండి. కౌలుకు చేస్తున్నవాళ్లు ఆ నమోదులో తమ పేరు రాయమని దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రాయకపోతే ఆ దరఖాస్తు నకలు సంఘానికి పంపండి. కాగితం మీది గెట్టుకు, నేల మీది గెట్టుకు తేడా ఉన్న సర్వే నెంబర్ల జాబితాను కూడా ఊరివారీగా రాసి నెలాఖరులోగా జిల్లా కార్యాలయానికి చేర్చండి. ఆ జాబితాతోనే కలెక్టరును, వ్యవసాయ శాఖను కలవబోతున్నాం.